బావ దగ్గర బాకీ

"అన్నిచోట్లా బావే గాని వంగతోట దగ్గర మాత్రం బావ కాదు" అని మన పల్లెల్లో ఒక సామెత ఉంది. చుట్టరికం ఎంత దగ్గరదైనా ఆస్తి విషయానికి వచ్చేసరికి ఎవరి లెక్క వారిదేనని దీని భావం. కొందరికి ఈ మాట కటువుగా తోస్తుంది. "క్రైస్తవ కుటుంబాల్లో నీదీ నాదీ అనే లెక్కలేమిటి?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మాట ఎవరి నోటి నుండి వస్తున్నదో గమనించాలి. డబ్బు రావలసినవాడు అంటే అది ఔదార్యం. డబ్బు ఇవ్వవలసినవాడే అంటే దానిని ఔదార్యం అనలేము.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకతను తన పాత కారును అక్క భర్తకు అమ్మాడనుకోండి. బేరం 2,40,000 రూపాయలకు కుదిరింది. బావ లక్ష రూపాయలు చేతిలో పెట్టి, "మిగతాది మిర్చి అమ్మగానే ఇస్తాను" అన్నాడు. సొంత బావతో కాగితమేమిటని ఏమీ రాసుకోలేదు. ఆ ఏడాది మిర్చికి ధర లేదు. మరుసటి ఏడాది ధర వచ్చింది గాని డబ్బు రాలేదు. ఈలోగా గేరుబాక్సు పాడై బావకు 30,000 ఖర్చయింది. "చెడిపోయిన బండి నాకు అంటగట్టాడు" అని ఆయన, "నేను ఇచ్చినప్పుడు బాగానే ఉంది" అని ఇతను. ఇక్కడ బావమరిది కూతురికి నర్సింగు కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది. అక్కడ అక్క క్రిస్మసుకు పుట్టింటికి రాలేదు. కారు అమ్మింది ఆమె కాదు, కొన్నదీ ఆమె కాదు. కాని అందరికంటే ఎక్కువ నష్టం ఆమెకే జరిగింది.

ఇటువంటి తగాదా ఏదో ఒక రూపంలో మన విచారణల్లో చాలా ఇళ్లకు తెలిసినదే. అప్పుడు పెద్దలు సాధారణంగా చెప్పే సలహా ఒకటే: "పోనీలే బాబూ, అక్క కోసం వదిలెయ్యి. క్షమించమని ప్రభువు చెప్పలేదా?" ఈ సలహాలో ఒక పొరపాటు ఉంది.

క్షమించడం వేరు, బాకీ వదులుకోవడం వేరు. క్షమించడమంటే మనిషిపై పగ విడిచిపెట్టడం. బాకీ వదులుకోవడమంటే సొమ్ముపై హక్కు విడిచిపెట్టడం. ఒకడు డబ్బు వదులుకుంటాడు, కాని పదేళ్లపాటు కనబడినవారందరికీ ఆ సంగతి చెబుతూనే ఉంటాడు. అతను బాకీ వదులుకున్నాడు గాని క్షమించలేదు. మరొకడు తనకు రావలసినది మర్యాదగా అడుగుతూనే, బావ ఆసుపత్రిలో ఉంటే రాత్రంతా మంచం పక్కన కూర్చుంటాడు. అతను క్షమించాడు, బాకీ మాత్రం వదులుకోలేదు. ప్రభువు అందరి నుండీ కోరేది మొదటిది. రెండవది ఇష్టపూర్వకంగా ఇచ్చే కానుక. కానుకను ఇచ్చేవాడు ఇవ్వాలి గాని పుచ్చుకునేవాడు తనంతట తాను తీసుకోకూడదు.

కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ ఆరవ అధ్యాయంలో పునీత పౌలు గారు, సోదరులు న్యాయస్థానాలకెక్కడం కంటే నష్టం సహించడం మేలని బోధించారు. బాకీ ఉన్నవారు ఈ మాటను తరచు గుర్తుచేస్తారు. కాని ఆయన అక్కడ ఆగలేదు. వెంటనే, సొంత సోదరులకే నష్టం చేస్తున్నవారిని గట్టిగా మందలించారు. కనుక సహించమనే మాట నష్టపోయినవాడు తనకు తాను చెప్పుకోవలసినది. నష్టం చేసినవాడు అతనికి ప్రబోధించవలసినది కాదు.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఒప్పందాలను నిలబెట్టుకోవడం, అప్పులు తీర్చడం అనే విషయాలను ఏడవ ఆజ్ఞ క్రిందనే వివరిస్తుంది. అంటే ఇవి దొంగతనాన్ని నిషేధించే ఆజ్ఞకు చెందినవి. ఇతరుల సొమ్ము తన దగ్గర ఉన్నవాడు వెంటనే తిరిగి ఇవ్వాలి, ఇవ్వలేకపోతే సొంతదారుని గడువు అడగాలి అని పునీత తోమాసు అక్వీనాసు గారు బోధించారు. ఈ రెంటిలో ఏదీ చేయకుండా మౌనంగా ఉండడమే మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు. చేతిలో డబ్బు లేకపోవడం పాపం కాదు. బావమరిది కనబడితే వీధి మారడం, ఫోను తీయకపోవడం తప్పు. పంట పోయిన సంవత్సరం ఆ మాట ముఖాముఖిగా చెప్పి ఉంటే తగాదా సగం అక్కడే తీరేది.

అమ్మినవాడికీ బాధ్యతలున్నాయి. మొదటిది నిజం చెప్పడం. తనకు తెలిసిన లోపాన్ని దాచి అమ్మకూడదని కూడా అక్వీనాసు గారి బోధ. గేరుబాక్సు శబ్దం చేస్తోందని ముందే తెలిసి చెప్పకపోతే ఆ 30,000 ధరలో తగ్గించడం న్యాయం. తెలియకపోతే, పాత బండికి వచ్చే మరమ్మతు కొన్నవాడిదే. అయినా బంధువులు గనుక చెరి సగం భరించవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు అతని మనస్సాక్షికే తెలుసు.

రెండవది కాగితాలు. "డబ్బంతా వచ్చేదాకా సంతకం పెట్టను" అని కొందరు రిజిస్ట్రేషను మార్చరు. అది తమకు రక్షణ అనుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవాడిది. పేరు మారకముందు ప్రమాదం జరిగితే, నష్టపరిహారానికి రికార్డులో యజమానిగా ఉన్నవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అంటే కోపంతో ఆపిన సంతకం అతని మెడకే చుట్టుకోవచ్చు.

మరి పరిష్కారం ఎలా? మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చూపిన క్రమం ఈనాటికీ పనికివస్తుంది. మొదట ఇద్దరే కూర్చోవాలి. పెళ్లి పందిట్లో కాదు, తాగిన వేళ కాదు, అక్క చేత కబురు పంపడం అసలే కాదు. కుదరకపోతే ఇద్దరికీ నమ్మకమున్న ఒకరిద్దరు పెద్దలను పిలవాలి. కుదిరినది కాగితంపై రాయాలి. మన ఉదాహరణలో మరమ్మతు చెరి సగం పోగా 1,25,000 మిగులుతుంది. వెంటనే 25,000, తరువాత నెలకు 10,000 చొప్పున పది నెలలు అని తేదీలతో సంతకాలు చేసుకోవచ్చు. కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు. రేపు ఇద్దరి జ్ఞాపకాలు వేరైనప్పుడు బంధుత్వాన్ని కాపాడేది అదే.

అప్పటికీ తెగకపోతే, 1987 చట్టం క్రింద ఏర్పడిన లోక్ అదాలత్ ఉంది. దావా వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అది కక్ష సాధించడం కాదు. పెద్దమనుషుల పంచాయితీ వంటిదే.

అమ్మిన సరుకు ధర కోసం దావా వేయడానికి సాధారణంగా గడువు మూడేళ్లు. ఆ గడువు దాటితే కోర్టు తలుపు మూసుకోవచ్చు గాని దేవుని ఎదుట బాకీ తీరిపోదు. మూడేళ్లు గడిచాయని ఊపిరి పీల్చుకునే క్రైస్తవుడు పాపసంకీర్తనంలో ఏమని చెబుతాడు?

వదులుకోదలచినవారు నిండు మనసుతో వదులుకోవాలి. "బావా, ఈ డబ్బు ఇక మీరు ఇవ్వనక్కరలేదు" అని ఎదురుగా చెప్పాలి. చెప్పిన తరువాత జీవితంలో మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

చివరిగా ఒక సంగతి. మత్తయి 18లో ప్రభువు నష్టపోయినవాడిని ముందుగా వెళ్లి మాట్లాడమన్నారు. అదే సువార్త ఐదవ అధ్యాయంలో, బలిపీఠం వద్ద కానుక విడిచి ముందుగా వెళ్లి సమాధానపడమని చెప్పినది ఎవరితో? ఎవరిపై సోదరునికి ఫిర్యాదు ఉన్నదో, వానితో. అంటే ఇద్దరినీ బయలుదేరమన్నారు. ఎదుటివాడు వస్తాడని ఇంట్లో కూర్చునే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. ఇటువంటి బాకీ మీ కుటుంబంలోనూ ఉంటే, వచ్చే ఆదివారం పూజకు ముందే ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి రండి.