వికీలో ఆప్తుడెవరు?

వికీ అంటే చదివేవాళ్లే రాయగలిగిన, దిద్దగలిగిన వెబ్‌సైటు. ఈ తరహా మొదటి సైటును అమెరికన్ ప్రోగ్రామరు వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదలుపెట్టాడు. 2001 జనవరి 15న వచ్చిన వికీపీడియా అదే పద్ధతిలో ఏకంగా విజ్ఞాన సర్వస్వాన్నే రాయించింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇక్కడ పేజీలో ఒక వాక్యం చేర్చడానికి గానీ, ఉన్నదాన్ని తీసెయ్యడానికి గానీ చదువు, హోదా, అసలు పేరు చెప్పనక్కర్లేదు. ఎవరు రాశారో తెలియని అలాంటి పేజీ చదివి పాఠకుడు ఒక సంగతి తెలుసుకున్నానంటే, అతనికి కలిగింది జ్ఞానమా, వట్టి నమ్మకమా అన్నది తాత్విక ప్రశ్న. ఇతరుల మాట వల్ల కలిగే జ్ఞానాన్ని భారతీయ దర్శనాలు శబ్దప్రమాణం పేరుతో లోతుగా చర్చించాయి. ఆ చర్చ ఈ ప్రశ్నకు బాగా పనికొస్తుంది.

శబ్దాన్ని ప్రమాణంగా, అంటే జ్ఞానానికి సాధనంగా, ఒప్పుకోవడంలో దర్శనాలకు ఏకాభిప్రాయం లేదు. చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం. బౌద్ధ తార్కికులు, వైశేషికులు ప్రత్యక్షంతో పాటు అనుమానాన్ని, అంటే హేతువును బట్టి ఊహించడాన్ని, ఒప్పుకుంటారు. మాట వల్ల కలిగే జ్ఞానాన్ని అనుమానంలోనే కలిపేస్తారు. చెప్పినవాడు నమ్మదగినవాడు కాబట్టి చెప్పింది నిజమై ఉంటుందని ఊహించడమే తప్ప, మాటకు విడిగా బలం లేదని వారి వాదం. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు చెబుతారు. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం ఆప్తుడి మాట శబ్దప్రమాణం. ఆప్తుడికి వాత్స్యాయన భాష్యం రెండు లక్షణాలు చెబుతుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా భాష్యకారుడు అంటాడు. ఆప్తత్వం పుట్టుకతోనో పదవితోనో వచ్చేది కాదన్నమాట. ఎవరైనా రాయవచ్చన్న వికీ సూత్రానికి ఇంతవరకు న్యాయదర్శనంలో అడ్డు లేదు.

చిక్కు ఆ రెండు లక్షణాలను పరీక్షించడంలో వస్తుంది. ఊళ్లో దారి చెప్పే మనిషిని చూసి అతని తీరును బట్టి ఒక అంచనాకు రావచ్చు. వికీలో కనిపించేది ఒక వాడుకరి పేరు మాత్రమే. ఇంగ్లిషు వికీపీడియాలో మతశాస్త్ర ఆచార్యుడినని చెప్పుకుని పెద్ద బాధ్యతలదాకా ఎదిగిన ఒక వాడుకరి, నిజానికి అలాంటి పట్టాలేవీ లేని ఇరవై నాలుగేళ్ల యువకుడని 2007లో బయటపడింది. రాసేవారి అర్హతను పునాది చేసుకుంటే కట్టడం నిలవదని ఆ ఉదంతం తేటతెల్లం చేసింది.

అందుకే వికీపీడియా ఆప్తుణ్ణి రచయితలో వెతకదు, మూలంలో వెతుకుతుంది. రాసిన ప్రతి ముఖ్యాంశానికీ అచ్చయిన, నమ్మదగిన ఆధారం ఉండాలి. రాసేవారు సొంత పరిశోధనను, సొంత సిద్ధాంతాన్ని పేజీలో పెట్టకూడదు. భిన్నాభిప్రాయాలుంటే వాటి ప్రాధాన్యాన్ని బట్టి తటస్థంగా చెప్పాలి. ఆధారం లేని వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అన్న మూస తగిలిస్తారు. ఈ నియమాల వల్ల వచ్చే ఫలితం విచిత్రంగా ఉంటుంది. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ తన నవల 'ది హ్యూమన్ స్టెయిన్'కు ప్రేరణ ఎవరన్న విషయంలో వికీపీడియా పేజీ తప్పు చెబుతోందని 2012లో అభ్యంతరపెట్టాడు. సొంత నవల గురించి రచయిత మాట ఒక్కటే చాలదు, అచ్చులో ఆధారం కావాలని వికీపీడియా తరఫున జవాబిచ్చారు. ఆయన 'ది న్యూయార్కర్' పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖే ఆధారమై పేజీలోకి ఎక్కింది. తన మనసులోని సంగతి తనకు తెలుసు కాబట్టి న్యాయదర్శనం రాత్‌ను ఆప్తుడనే అంటుంది. వికీ మాత్రం ప్రత్యక్షానికి తలుపు మూసి, అచ్చయిన శబ్దానికే తెరుస్తుంది. తెరకు అవతల ఉన్నది రాత్ అవునో కాదో తేల్చుకునే దారి లేనప్పుడు ఆ కాఠిన్యం సమంజసమే.

మూలాల మీదే ఆధారపడే ఈ తీరుకు మీమాంసా దర్శనంలో ఇంకా సూటి అయిన విశ్లేషణ దొరుకుతుంది. అంతకుముందు తెలియని విషయాన్ని తెలిపేదే ప్రమాణమని భాట్ట మీమాంసకులు అంటారు. మరోచోట తెలిసినదాన్ని తిరిగి చెప్పే వాక్యం వారి లెక్కలో అనువాదమే తప్ప స్వతంత్ర ప్రమాణం కాదు. కొత్త సంగతేదీ చెప్పకూడదని తనకు తానే నియమం పెట్టుకున్న వికీ వ్యాసం సరిగ్గా ఈ కోవలోకి వస్తుంది. దాని బలమంతా అది చూపించే మూలానిదే.

రాసిన మార్పును ముందు నమ్మాలా, ముందు శంకించాలా అన్నది మరో ప్రశ్న. జ్ఞానం కలగగానే దాన్ని నిజమని ఒప్పుకోవాలని, తర్వాత దాన్ని కాదనే బాధక జ్ఞానం వస్తేనో, కారణంలో దోషం కనబడితేనో వదులుకోవాలని కుమారిలభట్టు వంటి మీమాంసకుల స్వతఃప్రామాణ్యవాదం. ప్రామాణ్యాన్ని బయటి పరీక్షతోనే నిర్ణయించాలని నైయాయికుల పరతఃప్రామాణ్యవాదం. వికీపీడియాకు ముందు అదే బృందం నడిపిన న్యూపీడియా రెండో దారి పట్టింది. అక్కడ వ్యాసం ఏడు దశల పరిశీలన దాటాకే వెలువడేది. 2003లో మూతపడేనాటికి పూర్తయినవి పాతిక వ్యాసాల దాకానే. వికీపీడియా మొదటి దారి పట్టింది. మార్పు ముందు వెలువడుతుంది, తప్పని తేలితే తర్వాత రద్దవుతుంది. ఆ దారికీ మూల్యం ఉంది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెన్‌థాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం అంటగట్టిన అబద్ధపు రాత 2005లో నాలుగు నెలల పాటు ఆయన పేజీలో నిలిచిపోయింది. బాధకం వచ్చేదాకా నమ్మడమన్న సూత్రం, బాధకాన్ని వెతికేవాళ్లు ఉన్నంతవరకే క్షేమం. ఇటీవలి మార్పులను, తమ వీక్షణ జాబితాలోని పేజీలను కనిపెట్టి చూసే వాడుకరులు ఆ పని చేస్తారు. అలాంటి వాడుకరులు తక్కువున్న భాషల వికీల్లో ఒక తప్పు ఎక్కువ కాలం బతకడానికి కారణం ఇదే.

మతవిషయాల పేజీల్లో ఈ చర్చ మరింత పదునెక్కుతుంది. నంద్యాల జిల్లా యాగంటిలో నంది విగ్రహం పెరుగుతోందని భక్తుల నమ్మకం. కలియుగాంతాన ఆ నంది లేచి రంకె వేస్తుందన్న మాటా ప్రచారంలో ఉంది. పేజీలో 'నంది పెరుగుతోంది' అని రాస్తే అది వికీ చెప్పిన మాట అవుతుంది. 'పెరుగుతోందని భక్తులు నమ్ముతారు' అని రాస్తే అది ఆధారం చూపగల వాస్తవం అవుతుంది. రెండో వాక్యం భక్తిని తోసిపుచ్చదు, సమర్థించదు; ఎవరి మాటను వారి పేరనే చెబుతుంది. ప్రతి నిర్ణయం ఒక దృష్టికోణానికి లోబడే నిజమన్న జైనుల స్యాద్వాదానికి ఇది దగ్గరగా కనిపిస్తుంది, కానీ ఒక తేడా ఉంది. స్యాద్వాదం వస్తువు స్వరూపం గురించిన సిద్ధాంతం కూడా. వికీ తటస్థత మాట్లాడే తీరుకు సంబంధించిన క్రమశిక్షణ మాత్రమే.

అభిప్రాయాలు ఢీకొన్నప్పుడు వాదన చర్చాపేజీకి చేరుతుంది. న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలు చేసింది: సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివారిని ఖండించడానికే చేసేది వితండ. ఒకరు రాసింది మరొకరు రద్దు చేస్తూ పోయే దిద్దుబాటు యుద్ధం అచ్చంగా జల్పం. దాన్ని ఆపడానికే ఒక పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను రద్దు చేయకూడదన్న నియమం పుట్టింది. ఎదుటిపక్షాన్ని వారే మెచ్చేటంత సరిగా చెప్పగలగడం పూర్వపక్షానికి పాత మర్యాద. మంచి వికీ వ్యాసానికీ అదే గీటురాయి.

ఈ పద్ధతికి రెండు బలహీనతలు ఉన్నాయి. మొదటిది అన్యోన్యాశ్రయ దోషం. వికీలో ఆధారం లేకుండా పడిన వాక్యాన్ని ఒక పత్రిక ఎత్తి రాస్తే, ఆ పత్రికే తర్వాత వికీలో ఆధారంగా చేరుతుంది. రెండు సాక్ష్యాలు ఉన్నట్టు కనబడతాయి, నిజానికి ఒక్కటీ లేదు. రెండోది అచ్చుకెక్కని జ్ఞానం. తెలంగాణలో చిందు కళాకారులు జాంబపురాణాన్ని తరతరాలుగా ప్రదర్శనలోనే నిలబెట్టుకొచ్చారు. వేదాన్ని శ్రుతిగా కాపాడుకున్న దేశంలో నోటిమాటకు ప్రామాణ్యం లేదనడం తగని పని. భారత్, దక్షిణాఫ్రికాల్లో మౌఖిక కథనాలను రికార్డు చేసి ఆధారాలుగా వాడవచ్చా అని 2011లో అచల్ ప్రభల ఆధ్వర్యంలో ఒక ప్రయోగం జరిగింది. అచ్చు లేని సమాజాల ఆప్తులను ఎలా గుర్తించాలన్న ప్రశ్నను అది ముందుకు తెచ్చింది.

ఇవన్నీ చూశాక వికీ పేజీని ఆప్తవాక్యం అనడం కుదరదు. ఆప్తవాక్యాలు ఎక్కడున్నాయో చూపించే అనువాదం అనవచ్చు. పేజీ దగ్గరే ఆగిపోయిన పాఠకుడి దగ్గర మిగిలేది నమ్మకం. ఆధారం తెరిచి సరిచూసుకున్న పాఠకుడికి దక్కేది జ్ఞానం. ఇక రాసేవారి విషయానికొస్తే, ఆప్తుడి రెండు లక్షణాల్లో ఎరుకను మూలాలతో సరిచూడవచ్చు. ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరికను ఏ నియమమూ పుట్టించలేదు. అది దిద్దేవారే తెచ్చుకోవాలి.