రోటికి కట్టేసే ముందు

అమెరికాలోని ఫ్రిస్కోలో దిగిన మూడో రోజు మా మనవడు టీవీని కింద పడేశాడు. నాలుగేళ్లవాడు. సోఫా మీంచి దూకి టీవీ బల్ల అంచు పట్టుకుని వేలాడాడు. బల్ల ముందుకు ఒరిగింది. యాభై అయిదు అంగుళాల టీవీ వాడికి జానెడు దూరంలో పడి పగిలింది. ఆ జానెడు కూడా లేకపోయి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మా అబ్బాయి మీటింగులోంచి పరుగెత్తుకొచ్చి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. బిడ్డ మీద జాలితో ఆగిందనుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వచ్చి, "అమ్మా, కొడితే రేపు వీడు స్కూల్లో చెప్తాడు. అప్పుడెట్టా?" అన్నాడు.

ఆ మాట నన్ను ఆరు నెలలూ వదల్లేదు. విదేశాల్లో మన విలువలు అనే మాట మీద ఈ సంచికకు ఏమైనా రాయమని తెలుగు సంఘం వాళ్లు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అదే. మన ఇళ్లలో చాలా చోట్ల చేతిని ఆపుతున్నది భయం ఒక్కటే. అమెరికాలో పిల్లవాడికి దెబ్బలు తగిలాయన్న అనుమానం వస్తే టీచర్లూ డాక్టర్లూ చట్టప్రకారం అధికారులకు చెప్పి తీరాలి. స్వీడన్ 1979లోనే ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. నార్వే 1987లో చేసింది. 2012లో ఆ నార్వేలోనే ఒక తెలుగు దంపతులకు కొడుకు విషయంలో కోర్టు జైలు శిక్ష వేసినప్పుడు మా ఊరు సూళ్లూరుపేటలో కూడా పెద్ద చర్చ జరిగింది. కన్నబిడ్డను దండించుకునే హక్కు కూడా లేదా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ మాట అనలేను.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలలో చిన్న తరగతులకు చెప్పాను. బెత్తం పట్టుకున్నాను. మన దేశంలో విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ బడిలో నిషేధించింది. బెత్తం బీరువా మీద పెట్టేశాను. ఆ తర్వాత నా తరగతి పాడైపోలేదు. మొదటి నెల మాత్రం చేతులు ఖాళీగా ఉండి ఏం చేయాలో తోచలేదు. మా అబ్బాయి ఎత్తిన చెయ్యి గాల్లో ఆగినప్పుడు ఆ నెలే గుర్తుకొచ్చింది. కొట్టొద్దని చట్టాలు చెప్పాయి. ఆ చేత్తో మరేం చేయాలో మన తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు.

ఊళ్లో మనకు ఆ ప్రశ్నే రాలేదు. మా ఇల్లు చెంగాళమ్మ గుడికి నడిచిపోయేంత దూరం. ఆ గుడి తలుపులు పగలైనా రాత్రైనా మూయరు. ఆ వీధిలో ఇళ్ల తలుపులు కూడా దాదాపు అంతే. మా పిల్లలు పొద్దున లేస్తే కాళంగి నది ఇసుకలో ఉండేవాళ్లు, లేదంటే ఎవరి అరుగు మీదనో గోలీలు ఆడేవాళ్లు. ఎవరింట్లో ఏం పగిలినా ఆ ఇంటావిడే కేకలేసేది, ఆవిడే మజ్జిగ ఇచ్చి పంపేది. పక్కనే శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున ఊరంతా మిద్దెలెక్కేది. ఒక ఇంటి అల్లరిని వీధి మొత్తం మోసేది. మా పెంపకం గొప్పదని ఇన్నాళ్లూ అనుకున్నాను. అందులో సగం ఆ వీధిది, ఆ ఇసుకది.

ఫ్రిస్కోలో మూడో అంతస్తు. వాడు గెంతితే కింది ఇంటివాళ్లు కర్రతో పైకప్పు తడతారు. ఎండ నలభై డిగ్రీలు దాటిన ఆగస్టులో బయటికి తీసుకెళ్లేవాళ్లు లేరు. ఇద్దరికీ ఉద్యోగాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. మూడు నాలుగేళ్ల పిల్లవాడు రోజుకు కనీసం 180 నిమిషాలు కదులుతూ ఉండాలి, అందులో ఒక గంట బాగా పరుగులు పెట్టాలి. తెర ముందు గంటకు మించి కూర్చోబెట్టకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. మూడు గంటల కదలిక! నేను లెక్క పెట్టాను. మా వాడికి దొరుకుతున్నది నలభై నిమిషాలు. మిగిలిన రెండు గంటల ఇరవై నిమిషాలు వాడు సోఫా మీద, టీవీ మీద, కర్టెన్ల మీద తీర్చుకుంటున్నాడు. ఫోన్లో మా చెల్లెలితో "కోడలికి పెంచడం రాదు" అన్నాను. అన్నది తప్పు. ఆ పిల్ల పొద్దున ఆరింటికి లేచి రాత్రి పదకొండింటికి పడుకుంటోంది. నేను ఒక్కదాన్నే ఉండి ఉంటే ఆమె చేసినంత కూడా చేసేదాన్ని కాను. ఆ మాట ఆమెతోనే చెప్పాను.

టీచర్ ట్రైనింగులో ఉండగా రెండు మార్కుల ప్రశ్నగా చదివిన పేరు ఒకటి ఆ రోజుల్లో మళ్లీ వెతికి చదివాను. మరియా మాంటిసోరి. ఇప్పుడు ఆ పేరు ఖరీదైన బడుల బోర్డుల మీద కనిపిస్తోంది గానీ ఆ రకం బడులు మొదలైంది ఇల్లు పాడుచేసే పిల్లలతోనే. రోమ్ నగరంలో సాన్ లొరెంజో అని పేదల పేట. తల్లిదండ్రులు పనికి పోతే, బడి వయసు రాని పిల్లలు కొత్తగా బాగుచేసిన ఇళ్ల గోడలు గీకుతూ, మెట్లు చెడగొడుతూ తిరిగేవాళ్లు. ఇళ్ల యజమానులకు మరమ్మతుల ఖర్చు పెరిగింది. ఆ ఖర్చేదో పిల్లల్ని చూసుకునేవాళ్లకే ఇస్తే పోతుందనుకుని ఈ డాక్టరమ్మను పిలిచారు. 1907 జనవరి 6న ఆ పిల్లల ఇల్లు తెరిచారు. అక్కడ ఆమె చేయించినవి చాలా మామూలు పనులు. ఊడ్చడం, నీళ్లు ఒంపడం, చేతులు కడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, బల్లలు తుడవడం. పిల్లల చేతికి సరిపోయే సామాను ఇచ్చింది, తొందరపెట్టకుండా కూర్చుంది. గోడలు గీకిన చేతులే ఆ గోడల్ని శుభ్రంగా ఉంచడం మొదలుపెట్టాయి.

ఆమె మనకు అంత దూరపు మనిషి కూడా కాదు. 1939 నవంబరులో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి పిలిస్తే అడయారు దివ్యజ్ఞాన సమాజానికి వచ్చింది. యుద్ధం వల్ల 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయింది. సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి మద్రాసు సెంట్రల్‌లో దిగి బస్సు మారితే అడయారు. నేను ఎన్నోసార్లు ఆ దారిన పోయాను, ఆమె అక్కడ ఉండిందని ఒక్కసారి కూడా తలచుకోలేదు. మన చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా తిరిగినవాడు, 'బిడ్డల శిక్షణ' రాశాడు. పిల్లల్ని కొట్టొద్దని మొత్తుకున్నాడు. ఆయన కథల గురించి తగువులాడుకున్న మనం ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేశాం. ఈ విషయంలో మనకు బయటివాళ్లు వచ్చి నేర్పాల్సింది తక్కువ.

ఇక మన యశోద. పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుణ్ణి రోటికి కట్టిన ఘట్టం తెలియని తెలుగిల్లు ఉండదు. ఎన్ని తాళ్లు ముడివేసినా రెండంగుళాలు చాలలేదు. చివరికి ఆ తల్లి అలసట చూసి బిడ్డే కట్టుబడ్డాడు. బడిలో ఆ కథ చెప్పినన్నాళ్లూ నేను అల్లరి దగ్గరే ఆపేదాన్ని. ఫ్రిస్కోలో రాత్రిపూట వాడికి చెప్తుంటే మిగతాది తట్టింది. కట్టకముందు కృష్ణుడు పగలగొట్టింది కుండలు. కట్టిన తర్వాత రోలు ఈడ్చుకుంటూ పోయి రెండు మద్దిచెట్లను కూల్చాడు. నలకూబరుడు, మణిగ్రీవుడు శాపం తీరి బయటికొచ్చారన్నది దేవుడి లీల. మనుషుల పిల్లల్ని కట్టేస్తే చెట్లు మాత్రమే కూలతాయి.

మర్నాడు నా సూట్‌కేసులోంచి చిన్న రాతి రోలు తీశాను. ఊళ్లో బజారులో కొని, అల్లం వెల్లుల్లి దంచుకోవడానికి కోడలికి తెచ్చింది. దాన్ని కింద దుప్పటి మడతల మీద పెట్టి, వాడి చేతికి రోకలిబండ ఇచ్చి, "అబ్బయ్యా, మిరియాలు దంచు, నాకు చారు కావాలి" అన్నాను. మొదటి రోజు సగం మిరియాలు ఇల్లంతా ఎగిరాయి. వాడితోనే ఏరించాను, పక్కన నేనూ ఏరాను. మూడో రోజుకు చేతికి గురి కుదిరింది. ఆ రోజు చారు తాగుతూ, "నాన్నా, ఇది నేను చేసింది" అని వాళ్ల నాన్నకు మూడుసార్లు చెప్పాడు. తర్వాత చింతపండులో గింజలు తీయడం, వేరుశనక్కాయలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, బాల్కనీలో కరివేపాకు మొక్కకు నీళ్లు పొయ్యడం. పని అవసరమైనదై ఉండాలి. ఊరికే ఏదో ఒకటి చేయిస్తున్నామని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. సాయంత్రం ఎండ తగ్గాక నేనూ వాడూ పార్కుకు పోయి గంట పరుగులు. పరిగెత్తింది వాడే, నేను లెక్క పెట్టాను.

అల్లరి మానేశాడా అంటే మానలేదు. మూడు వారాల తర్వాత మా కోడలి లాప్‌టాప్ మీద పాలు పోశాడు. విరగ్గొట్టిన ప్రతివాడూ పెద్ద శాస్త్రవేత్త అవుతాడనే ఓదార్పు మాటలు నాకు నచ్చవు. పాలు పాలే, లాప్‌టాప్ లాప్‌టాపే. కాకపోతే వాడు పారిపోయి దాక్కోలేదు. గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు. సంస్కారం అని మనం పిలిచేదాన్ని నేను ఆ గుడ్డలో చూశాను. కుదురుగా కూర్చోవడాన్నే సంస్కారం అనుకుంటున్నాం. నాలుగేళ్ల బిడ్డకు కుదురు రాదు. తనను తాను ఆపుకునే మెదడు భాగం, నుదుటి వెనక ఉండేది, ఇరవయ్యేళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. పాడుచేసినదాన్ని బాగుచేయడం మాత్రం ఆ వయసులోనే వస్తుంది, పక్కన పెద్దవాళ్లు కూర్చుంటే.

మా ఊళ్లో రాకెట్ లేచినప్పుడు ముందు వెలుగు కనిపిస్తుంది. కాసేపటికి గానీ శబ్దం మన దాకా రాదు, అప్పుడు కిటికీలు అదురుతాయి. పిల్లవాడికి చెప్పిన మాట కూడా అలాగే ఆలస్యంగా చేరుతుంది. ఒక్కసారి, దగ్గరికి వెళ్లి, కళ్లల్లోకి చూస్తూ చెప్పి ఆగండి. మనం నిమిషంలో ఏడుసార్లు అరుస్తాం, వాడికి ఒక్కటీ చేరదు.

సంఘం దీపావళి రోజున మా వాడు స్టేజీ పక్కన మైకు తీగ లాగేశాడు. మూడు వందల మంది ముందు మా అబ్బాయి వాణ్ణి చెడామడా తిట్టాడు. ఇంటికి వచ్చాక నేను మా అబ్బాయికి మా షార్ రాకెట్ కేంద్రం కథే చెప్పాను, వాడి చిన్నప్పుడు చెప్పిందే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు అబ్దుల్ కలాంది. విలేకరుల ముందుకు వెళ్లి ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. 1980 జులై 18న గెలిచినప్పుడు మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. పదిమంది ఎదుట బిడ్డ తప్పును మనమే మోసి, ఇంటికొచ్చాక వాడితో సరిచేయించుకోవాలి. మా అబ్బాయి మరుసటి వారం మనవణ్ణి తీసుకెళ్లి మైకు అతనికి సారీ చెప్పించి, తీగలు చుట్టడంలో సాయం చేయించాడు.

కొన్నిటికి మాత్రం ఓపిక చాలదు. బీరువాలు, సొరుగు బల్లలు, టీవీలు గోడకు బిగించాలి. పిల్లల మీద ఒరిగి ప్రాణాలు పోయాయని ఐకియా 2016లో అమెరికాలో 2 కోట్ల 90 లక్షల సొరుగు బల్లల్ని వెనక్కి పిలిచింది. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండీల్లాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే లోపల అన్నవాహికను కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి. అమెరికాలో విషపదార్థాల గురించి ఎప్పుడైనా చేసే ఫోను 1-800-222-1222. ఫ్రిజ్ మీద అతికించండి. అలాగే పిల్లవాడు పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, వయసుకు తగ్గ మాటలు రాక చేతులతోనే జవాబిస్తుంటే, ఇంట్లోనూ బడిలోనూ ఒక్క నిమిషం నిలవలేకపోతుంటే డాక్టరుకు చూపించండి, ముందు చెవులు పరీక్ష చేయించండి. వినపడని బిడ్డను మొండివాడని కొట్టిన తల్లుల్ని నా సర్వీసులో చూశాను. రెండు భాషలు విన్నందువల్ల పిల్లలు వెనకబడరు. ఇంట్లో తెలుగు మానేయకండి.

తిరిగి వచ్చే ముందు రోజు మా అబ్బాయిని ఒక మాట అడిగాను. వాడు అయిదేళ్లప్పుడు మా మామగారి గోడగడియారం విప్పి ముక్కలు చేశాడు. నేను అట్లకాడతో కొట్టాను. "గుర్తుందా నాయనా?" అన్నాను. "గడియారం గుర్తు లేదమ్మా. సాయంత్రం దాకా మంచం కింద పడుకున్నాను, అది గుర్తుంది" అన్నాడు. ముప్ఫై మూడేళ్లు దాటాక ఆ రాత్రి వాడికి క్షమాపణ చెప్పాను.

రోలు అక్కడే వదిలి వచ్చాను. ఈసారి మీ అమ్మానాన్నలు ఊరి నుంచి వస్తూ ఏం తెమ్మంటారని అడిగితే, గోంగూర పచ్చడితో పాటు ఒక చిన్న రోలు తెమ్మనండి. మూడు కిలోలు ఉంటుంది. వాళ్లు విమానం దిగేలోపు మీరు టీవీని గోడకు బిగించి ఉంచండి.