రక్తమూ, నేలా

నేను చల్లపల్లిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి సాయంత్రంపూట మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, మా మేనమామకు మతి స్థిమితం లేదండీ. మా తాతకూ అంతేనట. నాకీమధ్య రాత్రులు నిద్రపట్టటం లేదు. ఇది మా రక్తంలో వుందంటారా?" అని అడిగాడు. అప్పటికి చదివిన నాలుగు పుస్తకాల ధైర్యంతో నేను, "రక్తమూ లేదు, గిక్తమూ లేదు. రోగం సంఘానిది. సంఘం మారితే అదే పోతుంది" అన్నాను. అతను నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వైద్యుడి దగ్గరకు చేరటానికి మరో మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో కొంత నా లెక్కలో పడుతుంది.

వంశపారంపర్యం అనగానే మనవాళ్ళు ఉలిక్కిపడటానికి కారణాలు లేకపోలేదు. మాది జమీందారీ చూసిన ఊరు. ఒకడు కోటలో పుట్టటాన్నీ, మరొకడు పాలేరుగా పుట్టటాన్నీ రక్తంపేరుతోనే సమర్థించేవారు. 1883లో గాల్టన్ 'యూజెనిక్స్' అనే మాట పుట్టించాడు. ఆ భావాన్ని పట్టుకుని హిట్లరు ప్రభుత్వం 1933లో నిర్బంధ వంధ్యీకరణ చట్టం చేసింది, 1939 నుంచి మానసిక రోగులను చంపించింది. ఇంత చూసినవారు జన్యువును శత్రువు ఆయుధంగా భావించటంలో వింతేముంది? కాని శత్రువు చేతిలో వున్నంతమాత్రాన సత్యం అసత్యం కాదు. ఆ సంగతి మరిచినందుకు సోవియట్ విజ్ఞానం ఎంత మూల్యం చెల్లించిందో, 1943లో జైలులో మరణించిన వావిలోవ్ పేరు తలచుకుంటే చాలు. ఆయన కూడా విత్తనాల మనిషే.

1996లో అమెరికాలో లికెన్, టెలెగెన్ అనే ఇద్దరు కవలలను పరిశీలించి, మనుషుల సంతోషంలో కనిపించే తేడాల్లో సుమారు సగం పుట్టుకతో వచ్చినదేనన్నారు. సంతోషంకోసం ప్రయత్నించటం పొడుగు పెరగాలని ప్రయత్నించటంలాంటిదని కూడా అన్నారు. తర్వాత లికెన్ ఆ మాటను తానే తప్పుపట్టుకున్నాడు. కాని వెనక్కు తీసుకున్న మాటకు మొదటి మాటకున్న ప్రచారం ఎక్కడిది?

ఇంతకూ 'సగం' అంటే ఏమిటి? ఒక మనిషి ఆనందంలో సగం రక్తానిదీ, సగం అమ్మ పెంపకానిదీ అని కాదు. లెవాంటిన్ అనే జన్యుశాస్త్రవేత్త 1970లో దీన్ని విత్తనాల ఉపమానంతోనే విప్పిచెప్పాడు. దాన్ని మన కాలవ మీదికి తెచ్చుకుందాం. ఒకే బస్తాలోని వరి విత్తనాన్ని సగం చల్లపల్లి చేలోనూ, సగం పులిగడ్డ దాటి నాగాయలంక శివారు చౌడులోనూ చల్లండి. నీరూ ఎరువూ సమంగా అందిన చేలో మొక్కకూ మొక్కకూ తేడా వుంటే అది విత్తనానిదే. కాని ఆ చేనికీ, ఉప్పుతేలిన శివారు చేనికీ మధ్య తేడాలో విత్తనం పాలు ఏమీ లేదు. మొదటి చేలో తేలిన లెక్కను పట్టుకుని శివారు రైతుతో "నీ విత్తనం మంచిది కాదు" అంటే ఊరుకుంటాడా?

ఇందులో మనం గమనించని విశేషం ఒకటుంది. నేల ఎంత సమానమైతే, మిగిలిన తేడాల్లో పుట్టుక వాటా అంత పెద్దదిగా కనిపిస్తుంది. సమసమాజంలో జన్యువు మాయంకాదు. ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. దానికి మనం భయపడనవసరం లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టనబెట్టుకుంది. బిడ్డలను పోగొట్టుకున్నవారిలో కొందరు ఏడాది తిరిగేసరికి చేలోకి దిగారు. కొందరు గట్టునే కూర్చుండిపోయారు. వారి మధ్య తేడాలో పుట్టుకకూ, పెరిగిన ఇంటికీ పాలుండవచ్చు. కాని పూరిగుడిసె కొట్టుకుపోవటానికీ, డాబామీది సంసారం బతకటానికీ జన్యువులతో ఏం సంబంధం?

ఇక, పుట్టుకతో వచ్చింది పోదనే నమ్మకమూ తప్పే. ఫినైల్‌కీటోన్యూరియా తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించే వ్యాధి. పట్టించుకోకపోతే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే తగిన ఆహార నియమం మొదలుపెడితే ఆ బిడ్డే మామూలుగా ఎదుగుతాడు. జన్యువు మారలేదు, కంచంలో కూడు మారింది. ఆ నాడు నా విద్యార్థితో "రక్తంలో వుండొచ్చు, అందుకే ముందుగా డాక్టరుకు చూపించుకో" అనవలసింది. రెండు ముక్కలూ ఒకే వాక్యంలో ఇముడుతాయని నాకు తోచలేదు.

అతనిప్పుడు మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొన్న వచ్చి, "అమ్మాయికి సంబంధం వచ్చిందండీ. నా జబ్బు సంగతి అవతలివాళ్ళకు చెప్పాలా?" అన్నాడు. ఇలాంటి జబ్బున్నవారి పిల్లల్లో చాలామందికి అది రాదని చెప్పాను. మిగతాదానికి వెంటనే జవాబు చెప్పలేదు. అమ్మాయి ఏమంటోందని అడిగాను. ఇంకా అడగలేదట.