మూతపడిన రంగస్థలం: దానమా, ఋణమా?

ప్రస్తావన

1603లో లండన్‌లో ప్లేగు ప్రబలి నాటకశాలలు మూతపడ్డాయి. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మొదటి జేమ్స్ రాజు తన పేరు మీద నడిచే నాటక సమాజానికి 30 పౌండ్లు ఇప్పించాడు. షేక్‌స్పియర్ ఆ సమాజ సభ్యుడు; సొమ్ము అందుకున్నది ప్రధాన నటుడు రిచర్డ్ బర్బేజ్. ప్రదర్శనలను నిషేధించినందువల్ల ఇస్తున్నట్లు కారణం చూపుతూనే, దానిని రాజుగారి కానుకగా లెక్కల్లో నమోదు చేశారు. ఈ ఒక్క పద్దులో రెండు భావాలున్నాయి. నష్టానికి కారణం నిషేధమన్నది మొదటిది. ఇచ్చినది రాజు దయ అన్నది రెండవది. మొదటిది నిజమైనప్పుడు రెండవది పొసగుతుందా? కోవిడ్ కాలంలో రంగస్థలానికి ప్రభుత్వాలు చేసిన సాయాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మూడు సమర్థనలు

కళాకారులకు రాజ్యం చేసే సాయాన్ని దానంగానో, పోషణగానో, ఋణంగానో సమర్థించవచ్చు. దానం పేదవానిని వెతుకుతుంది. పోషణ ప్రతిభావంతుని వెతుకుతుంది; మన ఆస్థాన సంప్రదాయం ఇటువంటిదే. ఋణం మాత్రం నష్టపోయినవానిని వెతుకుతుంది. మహమ్మారిలో నటుని పని ఆగిపోవడానికి అతని అసమర్థత గాని, ప్రేక్షకుల నిరాదరణ గాని కారణం కాదు. అందరి ప్రాణరక్షణ కోసం అతని జీవనాధారాన్ని రాజ్యం నిలిపివేసింది. ఆ నిర్ణయం న్యాయమైనదే. అయితే అందరి మేలుకు కొందరు చెల్లించిన మూల్యాన్ని అందరూ పంచుకోవడం కూడా న్యాయమే. కాబట్టి ఇక్కడ సాయం స్వభావరీత్యా ఋణం.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. ఆసుపత్రులకే నిధులు చాలనప్పుడు నాటకాలకెందుకన్నది మొదటిది. ఈ వాదం చెల్లింపుల వరుసను నిర్ణయించగలదు గాని ఋణాన్ని రద్దు చేయలేదు. క్షురకులకు, హోటలు కార్మికులకు లేని ప్రత్యేకత కళాకారులకెందుకన్నది రెండవది. ఋణవాదం అటువంటి ప్రత్యేకతను కోరదు. వారి హక్కూ ఇంతే బలమైనది. భేదం నష్టం పరిమాణంలోనే ఉంది. భోజనాన్ని పొట్లం కట్టి ఇంటికి పంపవచ్చు. నాటకానికి జనసమూహమే ముడిసరుకు. ఇంగ్లండులో 2020 మార్చి 16న మూతపడిన నాటకశాలలు పూర్తి ప్రేక్షకులతో ప్రదర్శనలకు అనుమతి పొందినది 2021 జూలై 19న.

రెండు దేశాలు, రెండు మార్గాలు

బ్రిటన్ ప్రభుత్వం 2020 జూలైలో సాంస్కృతిక రంగానికి 157 కోట్ల పౌండ్ల నిధిని ప్రకటించింది. అది ప్రధానంగా సంస్థలకు గ్రాంట్లుగా, రుణాలుగా చేరింది. మహమ్మారికి ముందు ఆర్థికంగా నిలకడగా ఉండటం, సాంస్కృతిక ప్రాముఖ్యం కలిగి ఉండటం అందుకు అర్హతలు. ఇవి పోషణ దృష్టితో పెట్టిన అర్హతలు. నాటకశాల నిలిచింది, కాని అందులో ఒక్కొక్క నాటకానికి కుదిరే నటులు, దీపాలంకరణ నిపుణులు సంస్థల ఉద్యోగులు కారు. స్వతంత్ర వృత్తిదారులకు వేరే పథకం ఉన్నా, తమ ఆదాయంలో కనీసం సగం ఆ వృత్తి నుండి రానివారికి అది వర్తించలేదు. నాటకం లేని రోజుల్లో జీతానికి మరో పని చేసుకొనేవారికి ఈ నిబంధన అడ్డయింది.

ఫ్రాన్స్ వ్యక్తిని ఆధారం చేసుకొంది. అక్కడ ఏడాదిలో 507 గంటలు పనిచేసిన ప్రదర్శన కళాకారునికి, సాంకేతిక నిపుణునికి నిరుద్యోగ భృతి పొందే ప్రత్యేక ఏర్పాటు ముందే ఉంది. 2020 మే 6న అధ్యక్షుడు మక్రాన్ ఆ హక్కులను 2021 ఆగస్టు చివరి వరకు పొడిగిస్తున్నట్లు ప్రకటించారు. ఋణభావనకు ఇది చేరువైనది. కాని ఆ గంటలు ఇంకా పూర్తి చేయని కొత్తవారికి దీనివల్ల మేలు కలగలేదు. రెండు చోట్లా జాబితాలో లేనివారు మిగిలిపోయారు.

తెలుగు రంగస్థలం

ఈ వెలితి తెలుగు నేలపై మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 ఉగాది. శ్రీరామనవమి పందిళ్లు, ఊరి జాతరలు పద్యనాటక, హరికథ, బుర్రకథ కళాకారులకు సంపాదన కాలం. వీరిలో చాలామందికి ఒప్పందమంటే నోటిమాట, చేతికందిన బయానా. 1885లో వనారస గోవిందరావు ఆరంభించిన సురభి వంటి సమాజానికి పేరుంది, చరిత్ర ఉంది. ఊరూరా తిరిగే హార్మోనియం వాద్యకారునికి రశీదు కూడా లేదు. పోషణ సూత్రం సురభిని గుర్తించగలదు. ఈ వాద్యకారుని గుర్తించలేదు. ఋణసూత్రానికి ఇద్దరూ సమానమే.

ఆధారం లేకుండా ప్రజాధనం ఎలా ఇస్తారన్న ప్రశ్న సహేతుకమైనది. అయితే మూసివేత ఉత్తర్వు ఎవరినీ ఆధారం అడగలేదు. అందరికీ ఒకేసారి వర్తించింది. చెల్లింపు వేళ మాత్రమే పత్రాలు కోరడమంటే, ఋణదాతను గుర్తించే భారాన్ని ఋణదాతపైనే మోపడం. గ్రామ పంచాయతీ గాని, ఉత్సవ సంఘం గాని ఇచ్చే ధ్రువీకరణను అంగీకరిస్తే కొందరు అనర్హులు లబ్ధి పొందవచ్చు. అది లోపమే. కాని అర్హులను పెద్దసంఖ్యలో వదిలివేయడం అంతకంటే పెద్ద అన్యాయం.

ముగింపు

శాంతికాలంలో రాజ్యం ఉత్తమ కళను ఎంచి పోషించవచ్చు. ఎంపిక అక్కడ తప్పు కాదు. తానే రంగస్థలాన్ని మూయించిన కాలంలో ఆ ఎంపిక చెల్లదు. అప్పుడు అడగవలసినది ఎవరి కళ గొప్పదని కాదు, ఎవరి పని ఆగిందని. దానికి ఆపత్కాలంలో సమాధానం వెతకడం కష్టం. అందువల్ల ఊరూరా ప్రదర్శనలతో జీవించేవారి వివరాలను, వారి కోసం కార్యాలయాలే కదిలివెళ్లి, ముందుగా నమోదు చేయడం ఈ ఋణభావన నుండి వచ్చే మొదటి కర్తవ్యం.