తిన్నింటి వాసాలు

దానం చేశాక లెక్క అడగటం మన యిళ్ళల్లో మర్యాద కాదు. దేవుడి హుండీలో వేసిన పది రూపాయలు ఏమయ్యాయని అడగం. వరద బాధితులకంటూ కాలేజీ పిల్లలు డబ్బా వూపుకుంటూ వస్తే, చేతికందింది వేసేసి తలుపేసుకుంటాం. "ఇచ్చేశాం, ఇక అది మనది కాదు" అనుకోవటంలో ఒక హాయి వుంది, కాదనను. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని కూడా అంటారు. అయితే ఆ మాట పుట్టిన రోజుల్లో ఇచ్చే చెయ్యీ, పుచ్చుకునే చెయ్యీ ఎదురెదురుగా వుండేవి. వాకిట్లో నిలబడ్డ మనిషికి చేటలో బియ్యం పోసేవాళ్ళం. ఆ బియ్యం ఎక్కడికి పోయాయో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇచ్చేవారొక దేశంలో, పుచ్చుకునేవారొక దేశంలో. మధ్యలో మూడో చెయ్యి ఒకటి వచ్చి చేరింది. ఆ మూడో చెయ్యి సంగతి పెద్దలు మనకేమీ చెప్పి పోలేదు.

మాది పుట్టపర్తి. ఈ వూళ్ళో కాపురం చేసేవాళ్ళకు ఈ విషయం తప్పించుకుందామన్నా తప్పదు. మేమంతా ఒకవిధంగా దానం నీడనే బతుకుతున్నాం. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషను చేయించుకున్నా రూపాయి అడగరు. దాని కోసం పెద్ద మొత్తం ఇచ్చినాయన ఐజాక్ టిగ్రెట్ అనే అమెరికన్. హార్డ్ రాక్ కేఫ్ అనే హోటళ్ళ స్థాపకుల్లో ఆయనొకడు. ఎక్కడో లండన్‌లో, హోరెత్తే పాటలు వింటూ ఎవరో తిన్న తిండి డబ్బు, మా పక్క పల్లెలో వేరుశనగ రైతు గుండెకు కొత్త వాల్వు అయింది చూడండి!

ఇక నీళ్ళ సంగతి ఆడవాళ్ళకు చెప్పాలా? మా సీమలో చాలా వూళ్ళ నీళ్ళలో ఫ్లోరైడు. పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. సత్యసాయి ట్రస్టు 1995, 96 సంవత్సరాల్లో అప్పటి అనంతపురం జిల్లాలో 700 పైచిలుకు వూళ్ళకు మంచినీళ్ళ పథకం కట్టించింది. 1999లో తపాలా శాఖవారు దాని మీద స్టాంపు కూడా వేశారు. బిందె మోసిన నడుముకు తెలుస్తుంది ఆ కుళాయి విలువ.

తర్వాత 2011 వచ్చింది. ఏప్రిల్ 24న సత్యసాయిబాబా పోయారు. జూన్‌లో ఆయన వుండే యజుర్మందిరం గది తెరిచి, లోపలున్నవి లెక్కపెట్టారు. 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11 కోట్ల 56 లక్షల నగదు అని పత్రికల్లో వచ్చింది. చదివినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా వీధిలో చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఆయన పోయి రెండు నెలలు కాలేదు, అప్పుడే లెక్కలా?" అని.

మా ఎదురింటావిడ పెనుకొండ పక్క పల్లెలో పుట్టిన మనిషి. పెళ్ళికి ముందు మైలున్నర నడిచి బావినీళ్ళు తెచ్చేదట. ఆవిడ నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తే.

"ఆ నీళ్ళు తాగినోళ్ళం గదక్కా! మనమే లెక్కలడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్ల గాదా?"

వాళ్ళమ్మాయి హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో పద్దులు రాస్తుంది. పక్కనే కూచుని వింటోంది. "వాసాలు లెక్కపెట్టకపోతే ఏ వాసానికి చెదలు పట్టిందో ఎట్ల తెలుస్తాదిమా? ఇల్లు కూలినాక చూసుకుందామా?" అంది.

తల్లి కస్సుమంది. "నీకు అన్నీ లెక్కలే! నమ్మకమనేది ఒకటుంటాది."

నేను ఎటూ చెప్పలేక నవ్వి వూరుకున్నాను గాని, ఆ తల్లీకూతుళ్ళ మాట నాతో చాలాకాలం వుండిపోయింది. ఆ గదిలో సొమ్ము విషయంలో ఎవరో తప్పు చేశారని నేనననివ్వండి, అననివ్వకపొండి, అది నా పని కాదు. కుళాయిలో నీళ్ళు నిజం, ఆసుపత్రిలో బతికి బయటపడ్డవాళ్ళు నిజం. మరి ఆ నిజాల పక్కన "ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎక్కడుంది" అన్న మూడు మాటలు పెడితే, ఆ నిజాలకు మచ్చ వస్తుందా? కృతజ్ఞత వున్నచోట ప్రశ్న వుండకూడదా?

ఉండకూడదనేవాళ్ళు గుప్తదానం మాట ఎత్తుతారు. నిజమే, మనవాళ్ళు అన్ని దానాల్లోకీ గుప్తదానం గొప్పదన్నారు. ఎందుకన్నారో ఒక్కసారి ఆలోచించండి. పుచ్చుకునేవాడి తల వంగకూడదని. ఇచ్చేవాడి తల ఎగరకూడదని. రెండూ మనుషుల పేర్లకు సంబంధించినవే. సొమ్ము ఏమైందో ఎవరికీ తెలియకూడదని ఏ పెద్దలూ అనలేదు. కాని మనం చేస్తున్నదేమిటి? గుళ్ళో ట్యూబులైటు మీద దాత పేరు, ఆయన తండ్రి పేరు, గోత్రం అన్నీ నల్లరంగుతో రాయించి వెలుతురు బయటికి రాకుండా చేస్తాం. ఆ ట్యూబులైటు ఎంతకు కొన్నారన్నది మాత్రం గుప్తంగా వుంచుతాం. దాచాల్సింది బోర్డెక్కింది, బోర్డెక్కాల్సింది బీరువాలో దాగింది!

అలాగని లెక్క వుంటే అన్నీ వున్నట్టేనా? దానికీ ఒక చిక్కుంది. మాకు కూతవేటు కాకపోయినా, బస్సెక్కితే చేరేంత దూరంలో ధర్మవరం పక్కన బత్తలపల్లి వుంది. అక్కడి పెద్ద ఆసుపత్రి ఆర్.డి.టి. వారిది, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా ఈ సీమలోనే వుండిపోయాడు. ఆ సంస్థకు ముఖ్యమైన ఆధారం స్పెయిన్‌లోని మామూలు సంసారులు. మనలాగే జీతాలమీద బతికేవాళ్ళు నెలనెలా కొంత తీసి పంపుతారు. ఒక్కొక్కరి పేరుకు ఇక్కడ ఒక్కొక్క పిల్లో పిల్లాడో జత. ఆ పిల్లలు వాళ్ళకు ఉత్తరాలు రాస్తారు, బొమ్మలు వేసి పంపుతారు.

ఇదెంత చక్కని ఏర్పాటో! వేల మైళ్ళ దూరాన ఒక తల్లి ఆ ఉత్తరం చూసి, తన డబ్బు ఎక్కడో గాలిలో కలిసిపోలేదని తెలుసుకుంటుంది. కాని ఆ ఉత్తరం రాసే పిల్ల వైపునుంచి కూడా చూడాలి కదా? మన పిల్లలు మేనమామకు రెండు ముక్కలు రాయమంటేనే "ఏం రాయాలమ్మా" అని పెన్సిలు కొరుకుతారు. ముఖం చూడని మనిషికి, భాష తెలియని మనిషికి ఏమని రాస్తుంది? రాసే పిల్లకు అది స్నేహంగా వుంటే మంచిదే. పుచ్చుకున్నందుకు కట్టే బాకీగా తోస్తే మాత్రం అది చిన్న మెడకు పెద్ద బరువు. ఏ సహాయసంస్థ అయినా సరే, లెక్క చెప్పవలసింది సొమ్ము పట్టుకున్న పెద్దవాళ్ళు. పుచ్చుకున్న పసివాళ్ళ నవ్వుముఖాన్ని రసీదు చేయకూడదు.

ప్రభుత్వం వారికీ ఈ లెక్కల బాధ వుంది. విదేశాలనుంచి వచ్చే విరాళాలకు 1976లో ఒక చట్టం చేశారు, 2010లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు, 2020లో దాన్ని మరీ బిగించారు. ఆ సొమ్మంతా ముందు ఢిల్లీలో ఒక్క స్టేటుబ్యాంకు శాఖలోనే దిగాలి. ఆఫీసు ఖర్చులు అంతకుముందు నూటికి 50 దాకా పెట్టుకోనిస్తే, ఇప్పుడు 20 దాటకూడదన్నారు. వినటానికి బాగానే వుంది. "పేదలకని ఇచ్చింది గుమాస్తాల జీతాలకా?" అని మనమూ అంటాం. కాని యిల్లు నడిపే ఆడదానికి తెలియని సంగతా? పద్దుల పుస్తకం కొనటానికీ డబ్బు కావాలి. దాన్ని సరిగా రాసే మనిషికీ అన్నం పెట్టాలి. లెక్కలు చక్కగా వుండాలి, లెక్కలు రాసేవాడికి మాత్రం ఏమీ ఇవ్వకూడదంటే, ఆ లెక్కలు ఎలా వుంటాయో వేరే చెప్పాలా? 2025లో ఆర్.డి.టి.కి ఆ విదేశీ విరాళాల అనుమతి చిక్కు వచ్చినప్పుడు అనంతపురంలో జనం వూరేగింపులు తీశారు. నడిచినవాళ్ళలో ఆ సాయం పుచ్చుకున్న ఆడవాళ్ళు ఎందరో వున్నారు. వాళ్ళను చూస్తే నాకు తోచింది, లెక్క అడిగే హక్కు ఢిల్లీకీ వుంది, స్పెయిన్‌కూ వుంది, మరి వీళ్ళకు?

ఈ బాధ మనదొక్కటే అనుకోకండి. లోకమంతా ఇదే గోల. యుద్ధాలకు, భూకంపాలకు, కరువులకు దేశాలు ఇచ్చే సొమ్ము ఎన్ని చేతులు మారుతుందో తేల్చటానికి ప్రత్యేకంగా పరిశోధన చేసే సంస్థలున్నాయి, వాటికి ఫీజులున్నాయి. అంటే డబ్బు ఎటు పోయిందో కనుక్కోవటానికి మళ్ళీ డబ్బన్నమాట! నవ్వొచ్చినా, అవసరమే. సహాయం ఇచ్చేవాళ్ళంతా ఒకే పద్ధతిలో లెక్కలు బయట పెట్టాలనే ప్రయత్నం 2008లో ఘనా దేశపు అక్రా నగరంలో మొదలైంది. 2016లో ఇస్తాంబుల్‌లో పెద్ద దేశాలూ, పెద్ద సంస్థలూ కూచుని ఇంకో మాట ఇచ్చుకున్నాయి. 2020 నాటికి విపత్తు సహాయంలో నూటికి 25 పాళ్ళయినా వీలైనంత నేరుగా ఆ వూరి సంస్థలకే అందిస్తామని. గడువు దాటింది, మాట చెల్లలేదు. సొమ్ము పెద్ద చేతిలోంచి చిన్న చేతిలోకి, అక్కణ్ణుంచి ఇంకా చిన్న చేతిలోకి దిగుతూనే వుంది. తేనె తీసినవాడు వేలు నాకకుండా వుంటాడా అంటారు. ఇన్ని చేతులుంటే ఇన్ని వేళ్ళు! ప్రభుత్వం పేదలకని ఖర్చుపెట్టే రూపాయిలో 15 పైసలే వాళ్ళకు చేరుతున్నాయని 1985లో ప్రధాని రాజీవ్ గాంధీయే అన్నాడు.

ఈ గోలలో నాకు తోచిన లోపం ఒకటే. లెక్క ఎప్పుడూ పైకే పోతోంది. చిన్నచెయ్యి పెద్దచేతికి చెబుతుంది, పెద్దచెయ్యి దాతకు చెబుతుంది. ఎవరి పేరు చెప్పి అడిగారో, ఎవరి ఫోటో చూపించి తెచ్చారో, వాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పరు.

చెప్పిన సందర్భం మన దగ్గరే వుంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది మా పాత జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంలో మన రాష్ట్రం సామాజిక తనిఖీ అనే పద్ధతి పెట్టింది. కూలీల హాజరు పట్టీలు తెచ్చి, వూరందరి ముందు చదివేవారు. "నువ్వు పన్నెండు రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా?" అని చదువురాని ఆడమనిషిని అడిగేవారు. "ఆరు రోజులే చేసినా సారూ" అని ఆమె లేచి నిలబడి చెప్పగానే, అక్కడే తేలిపోయేది. చచ్చిపోయినవాళ్ళు కూడా మట్టి తవ్వినట్టు కొన్ని పట్టీల్లో వుండేది పాపం! లోపాలు లేవని కాదు. తేలినదంతా తిరిగి వచ్చిందనీ కాదు. కాని పుచ్చుకునే మనిషిని పిలిచి, "ఇదీ నీ పేర రాసింది" అని చెప్పటం వుంది చూశారూ, అది ఇచ్చిన కూలికంటే తక్కువ గౌరవం కాదు.

మన ఆడవాళ్ళకు ఇది కొత్తా? పొదుపు సంఘాల్లో పంచసూత్రాలని అయిదు నియమాలుంటాయి. అయిదింటిలో ఒకటి పుస్తకాలు సరిగా రాయటం. సమావేశంలో పద్దులు చదువుతారు, అందరూ వింటారు. "అదేందక్కా, పోయిన నెల నేను కట్టినది రాయలేదే" అని ఒకామె అంటే, పుస్తకం రాసినామె అలిగి వెళ్ళిపోదు. పుస్తకం తిప్పి చూపిస్తుంది. అది అపనమ్మకం అని ఎవరికీ తోచదు. నమ్మకం అలా నెలనెలా కడిగి బోర్లించుకునే బిందెలాంటిది. కడగని బిందెలో మంచినీళ్ళు పోసినా పాచి వాసనే.

మా వారంటారు, "నమ్మకం లేకపోతే ఇవ్వకు, ఇస్తే అడక్కు" అని. నేను ఒప్పుకోను. ఇచ్చేటప్పుడు నమ్మి ఇవ్వటం దాత మంచితనం. అడక్కముందే లెక్క చెప్పటం సొమ్ము మోసేవాడి ధర్మం. ఒకరి మంచితనాన్ని చూపించి ఇంకొకరు తమ ధర్మం ఎగవేయకూడదు.

అంచేత నేనొక చిన్న పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా విరాళానికి వస్తే కాదనను, పేరు రాయవద్దంటాను. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతాను. "ఈ లెక్క ఎవరి ముందు చదువుతారు?" అని. కమిటీ ముందంటే సరే, మంచిదే. దాతల ముందంటే ఇంకా మంచిది. పుచ్చుకునేవాళ్ళ ముందు, వాళ్ళ వూళ్ళో, వాళ్ళకర్థమయ్యే తెలుగులో చదువుతామన్నవాళ్ళకు మా యింట్లో పది రూపాయలకు బదులు ఇరవై. అలాంటివాళ్ళు తరచూ రారనుకోండి, అందుకే మా వారి జేబుకింకా ప్రమాదం రాలేదు!