కణం మీది రాత

లుకేమియా రిపోర్టు చేతికిస్తే మా భీమవరంలో మందు గురించి తర్వాత అడుగుతారు. ముందు, "ఏం పాపం చేశామండీ?" ల్యాబులో కూర్చునే నాకు ఆ ప్రశ్నను కొట్టిపారేయడం చేతకాదు.

కొన్ని రిపోర్టుల్లో సీడీ10, సీడీ19 అని ఉంటాయి. కణం పైపొర మీది ప్రొటీన్లవి. జబ్బు బి-కణాల వంశంలో పుట్టిందని చెబుతాయి. చూడ్డానికి తలరాతలాగే ఉంటాయి. కానీ సీడీ19నే గురిపెట్టే కార్-టి చికిత్స ఇస్తే, ఒక్కోసారి కణం ఆ గుర్తును చెరిపేసుకుంటుంది, జబ్బు తిరగబెడుతుంది. చెరిగిపోయే రాత విధి ఎలా అవుతుంది? మొదటి గుర్తుల కన్నా, నెల రోజుల మందు తర్వాత మజ్జలో మిగిలిన జబ్బు కణాల శేషమే నాకు ఎక్కువ చెబుతుంది.

ప్రారబ్ధం, పురుషకారం అన్నారు పెద్దలు. సరే, ఎవరి పురుషకారం? 1895లో ఈ ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు, వైద్యం చదివారు. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు చికిత్స చేస్తే, 10 మందికి కొంతకాలం తెరిపి ఇచ్చింది. అది 1948లో అచ్చయింది. సుబ్బారావు ఆ ఏడే పోయారు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ వాడుతున్నాం. ఏ పిల్లాడి పూర్వజన్మ లెక్కలోనూ ఈ పురుషకారం ఇమడదు.