ఒకనాఁటి యతిథి

అతిథి యను పదమునకు మన పూర్వులు చెప్పిన యర్థములలో నొకటి చిత్రమైనది. ఒక్క రాత్రి మాత్రమే నిలిచి పోవువాఁడు గనుక వాఁడు అతిథి యని మనువు నిర్వచించెను. నిలుకడ లేనివాఁడే యతిథి. అట్టివానికి గృహస్థు చేయవలసినదేమో మన గ్రంథములు విరివిగాఁ జెప్పినవి: కాళ్లకు నీళ్లు, కూర్చుండుటకుఁ బీట, తినుట కన్నము, వినుటకు మంచిమాట. కాని యతిథి గృహస్థునకుఁ జేయవలసిన దేమి? ఈ ప్రశ్నను మన యిండ్లలో నంతగా నడిగినవారు లేరు. నేఁటికాలమున నిది తప్పక యడుగవలసిన ప్రశ్న యని మాకుఁ దోఁచుచున్నది.

ఏలయన, నేఁడు లోకమున ఒక్కపూట యతిథులు లక్షలుగాఁ బెరిగిరి. మధ్యధరా సముద్రతీరమునందలి ప్రాచీన రేవుపట్టణములకు విహారనౌకలు ఉదయమున వచ్చి, వేలకొలఁది జనమును దింపి, సాయంకాలమునకు మరల నెక్కించుకొని పోవును. ఆ కొద్ది గంటలలో వారు కోటను జూతురు, దేవాలయమును జూతురు, ఛాయాచిత్రములు తీసికొందురు, పోదురు. వెనీసు నగరమువారు ఈ తాకిడికిఁ దాళలేకపోఁగా, 2021లో ఇటలీ ప్రభుత్వము పెద్ద నౌకలను నగరమధ్యపు జలమార్గమున రాకుండ నిషేధించినది. 2024లో ఆ నగరము, రాత్రి బసచేయక వచ్చిపోవు వారినుండి కొన్ని దినములందు ఐదు యూరోల రుసుము పుచ్చుకొన నారంభించినది. అతిథినుండి గుమ్మముకడ సుంకము పుచ్చుకొనవలసి వచ్చిన గృహస్థుని దుఃఖ మెట్టిదో పాఠకులు యోజింతురు గాక. మన విశాఖపట్టణమునందును విహారనౌకలకై ప్రత్యేకముగా నొక నిలయము 2023లో ప్రారంభమైనది.

ఇది ధనికుల ముచ్చట, మనకేమి యని చదువరులు తలఁపరాదు. నౌక యెక్కకున్నను మనమందఱమును ఎక్కడనో యొకచోట ఒకనాఁటి యతిథులమే. మా సంగతియే చెప్పెదము.

ఒక కార్తికమాసపు టాదివారమున మేము కుటుంబసమేతముగ విజయనగరమునుండి భీమునిపట్టణమునకుఁ బోయితిమి. బస్సులో నించుమించు గంట ప్రయాణము. గోస్తనీనది సముద్రమును గలియుచోట నున్న యీ యూరు చిన్నదే గాని దీని చరిత్ర చిన్నది కాదు. ఊరి చేరువనున్న పావురాలకొండమీఁద బౌద్ధవిహారముల శిథిలములును, రాతిలోఁ దొలిచిన నీటితొట్లును గలవు. పదునేడవ శతాబ్దమున డచ్చివారిచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1825లో దీని నాంగ్లేయుల కప్పగించి పోయిరి. ఓడలు దూరమున లంగరు దింపఁగా, చిన్న పడవలు ఒడ్డునకును ఓడకును నడుమ సరకును మోసెడివి. మన పల్లెల గోగునార యీ రేవునుండి యెగుమతి యగుటచేతనే ‘బిమ్లీ జూటు’ అను పేర విదేశపు విపణులలోఁ బ్రసిద్ధి కెక్కినది. తరువాత రైలుమార్గము వచ్చి, 1933లో విశాఖపట్టణపు రేవు తెఱవఁబడఁగా, ఇచ్చటి వర్తకము క్షీణించినది.

ఇవి యన్నియు మేము పిల్లలకుఁ జెప్పితిమి. డచ్చివారి సమాధులకడ నిలిచి, రాళ్లపైఁ జెక్కిన యక్షరములను వ్రేళ్లతోఁ దడవి చూచితిమి. గడియారపు స్తంభమును జూచితిమి, దీపస్తంభమును జూచితిమి. మధ్యాహ్నమునకు, చూడవలసిన దంతయుఁ జూచితిమను తృప్తి కలిగినది. మృతులైన వర్తకులనుగూర్చి యింత చెప్పుకొన్న మేము, ఆ యూర నేఁడు బ్రతుకుచున్నవారి నొక్కరినైనఁ బలుకరింపలేదు.

ఎండవేళ పిల్లవానికి దాహమయ్యెను. తెచ్చుకొన్న నీళ్లు అయిపోయినవి. సమీపమున జాలరిపేటలో నొక ముసలామె వాకిటఁ గూర్చుండి వల బాగుచేయుచుండెను. అడుగఁగానే లోపలికిఁ బోయి చెంబుతో నీళ్లు తెచ్చి, నీడనున్న చాపను జూపి కూర్చుండుఁ డనెను. మాతోనున్న మా మేనత్తగారు ఆ చెంబువంకఁ జూచి తనకు దాహము లేదనిరి. ఉదయమునుండి యామె గ్రుక్కెడు నీళ్లు త్రాగలేదని మా కందఱకును దెలియును. మేము నిలుచుండియే త్రాగి, తొందరలో పదిరూపాయల నోటొకటి చాపమీఁద నుంచితిమి. ముసలామె దానిని తీసి పిల్లవాని చేతిలోఁ బెట్టి, “నీల్లకి డబ్బులేటి బాబూ” అనెను. కోపముతో ననలేదు. నిజముగా బోధపడక యడిగినట్లుండెను.

ఆ మాట మమ్ము ఇంటిదాఁక వెంటాడినది. ఆమె మమ్ము నతిథులుగ నెంచినది. మే మామెను అంగడిదానినిగ నెంచితిమి.

బీదరాలికి పది రూపాయలు మేలే కదా, యాత్రికుల ధనముచేత నిట్టి యూళ్లకు జీవనము కలుగుచుండఁగా వట్టి మర్యాదలు కడుపు నింపునా యని యొకరు వాదింపవచ్చును. ఈ వాదమున సత్యము లేకపోలేదు. అమ్ముచోట న్యాయమైన వెల యిచ్చుట యాత్రికుని మొదటి ధర్మము. కాని యదే దినమున మేము చేపలమ్ము స్త్రీతో ఇరువది రూపాయలకై చాలసేపు బేరమాడితిమి! వెల యీయవలసినచోట గీచి గీచి యిచ్చి, వెల లేనిచోట నోటు పెట్టితిమి. రెండింటికిని మూల మొక్కటే: ఈ యూర నెవరికిని ఋణపడి పోరాదను కోరిక. డబ్బిచ్చితిమా, ఇఁక నామె పేరు జ్ఞప్తి నుంచుకొన నక్కఱలేదు. మా మేనత్తగారు త్రాగకపోవుటయు, మేము నోటు పెట్టుటయు నంత వేఱు దోషములు కావు. ఆమె కులమునుబట్టి దూరముంచిరి. మేము ధనమునుబట్టి దూరముంచితిమి. చదువుకొన్నవారమని మొదటిదానిని గర్హింతుము. రెండవదానిని గుర్తింపనైన గుర్తింపము.

ఒక్కదినమున ఊరి నెట్లు తెలియుదు మందురా? తెలియలేము. చూచినది కొంచెమని యొప్పుకొన్నవానికే అడుగు గుణమును, విను గుణమును గలుగును.

ఈ తీరమువారు నొకప్పుడు పొట్టకూటికై ఓడలెక్కి రంగూనుకుఁ బోయి, పరదేశపు రేవులలో దిగినవారే. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమించినప్పుడు మనవా రెందఱో కాలినడకను కొండలు దాఁటి తిరిగివచ్చిరి. దారిలో నెవరి వాకిళ్ల నెన్ని చెంబుల నీళ్లు త్రాగిరో యెవరు లెక్కించిరి? ఆ ఋణము తీర్చుటకు వారికడ నేమున్నది?

మరుసటి యేఁడు మేము మఱల భీమునిపట్టణమునకుఁ బోయితిమి. ఈమాఱు పెరటి జామకాయలు కొన్ని మూటగట్టుకొని, ముందుగా జాలరిపేటకే నడచితిమి. ఆమెకు మేము జ్ఞప్తి లేము. “దాహమేస్తందా బాబూ” అని మఱల చెంబు తెచ్చెను. మా మేనత్తగారును చాపపైఁ గూర్చుండి త్రాగిరి. మే మామె పేరడిగితిమి; ఆమె మా యూరి పేరడిగెను. జామకాయలు పుచ్చుకొన్నది. బస్సువేళ యగువఱకు నక్కడనే యుంటిమి. ఆనాఁడు సమాధులను జూచుటకు మాకుఁ దీఱిక లేకపోయెను.